పాలపిట్ట రాడారు

మా సారు మీసం మీద ఒట్టు పెట్టుకున్న సంగతి నాకు తెలిసేసరికి జనగామలో ఆ వార్త పాతబడింది. కూరగాయల దుర్గమ్మ ఆ రోజు వంకాయలు తూచి, నా మొహం వంక జాలిగా చూసి, అడక్కుండానే రెండు కొసరు వేసింది. దుర్గమ్మ చేతి నుంచి కొసరు రాలిందంటే ఆ ఇంట్లో ఏదో పోయి ఉండాలి, లేదా పోవడానికి సిద్ధంగా ఉండాలి.

"ఏమైంది దుర్గమ్మా?" అన్నాను.

"ఇంక ఏం గాలేదక్కా. దసరా నాటికి తెలుస్తది," అంది, కొత్తిమీర కట్ట కూడా సంచిలో పడేస్తూ.

సారంటే మా ఆయన. పేరు కొండల్, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. పెళ్లైన కొత్తలో ఏమని పిలవాలో తోచక, కాలేజీ పిల్లలతో పాటు నేనూ సారు అనడం మొదలుపెట్టాను. అదే ఉండిపోయింది.

అవి సకల జనుల సమ్మె రోజులు. కాలేజీ లేదు, బడి లేదు, బస్సు లేదు. భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసే మా తమ్ముడు కూడా సమ్మెలోనే ఉన్నాడు. బొగ్గు పైకి రాకపోయేసరికి ఊళ్లో కరెంటు పోయింది. మీ ఇంట్లో ఫ్యాను తిరగడం లేదంటే అది నా పోరాటమే అనుకో అక్కా అని వాడు ఫోన్ చేసి మరీ చెప్పాడు. అందరూ పని మానేశారు గానీ వంట మాత్రం సమ్మెలో చేరలేదు. పైగా పని లేని మగమనిషి ఇంట్లో ఉంటే టీగిన్నె పొయ్యి దిగదు.

మా మేడ మీద ఇంకొక పని లేని మగమనిషి ఉండేవాడు. సుబ్బరాజు గారు, భీమవరం వైపు నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు మేనేజరు. బ్యాంకు ముందు పికెటింగు కూర్చోవడంతో షట్టరు దించి ఇంటికి వచ్చేశాడు. పొద్దున్నే ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఒకే పేపరును చెరి సగం చేసుకుని చదివేవారు. అంతవరకూ రాష్ట్ర విభజన సామరస్యంగానే జరిగేది.

ఒక రోజు ఆ పేపర్లో మన దేశం సొంతంగా తయారుచేస్తున్న యుద్ధవిమానం గురించి పడింది. తొలి అనుమతి వచ్చిందట, తుది అనుమతి రావాలట, రాడారు పని ఇంకా సాగుతోందట.

"మేం కాలేజీలో చదివే రోజుల్నించీ చేస్తానే ఉన్నారండీ కొండల్ గారూ," అన్నాడు సుబ్బరాజు. "తొలి అనుమతి అంటారు, ప్రక్రియ మొదలైందంటారు, మళ్లీ చడీచప్పుడూ ఉండదు. అచ్చం మీ రాష్ట్రం లాగే ఉందండీ."

ఆయన ఎగతాళికి అనలేదు. పేపర్లో ఉన్నదీ బయట ఉన్నదీ కలిపి చెప్పాడంతే. కానీ తిట్టు తుడుచుకుంటే పోతుంది, నిజం పోదు. పైగా మా సారుకు రాడారు సొంత విషయం. ఎమ్మెస్సీ అయిన ఏడు హైదరాబాదులో రాడార్లు చేసే కొలువుకు ఇంటర్వ్యూ దాకా వెళ్లి వచ్చాడు. వాళ్లు తీసుకోలేదు. అప్పటి నుంచీ దేశంలో ఏ రాడారు ఆలస్యమైనా, తనను తీసుకోకపోవడం వల్లేనని ఆయన నమ్మకం.

పేపరు అక్కడే వదిలి నేరుగా చౌరస్తాలో ఉద్యమ శిబిరానికి వెళ్లాడు. అక్కడ రోజుకో సంఘం తమ పనితనం చూపిస్తూ దీక్ష చేస్తోంది. గీత కార్మికులు మోకులతో వచ్చారు, కుమ్మర్లు సారె తిప్పారు, ఆ రోజు క్షురకులు రోడ్డు మీదే కుర్చీలు వేసి గడ్డాలు గీస్తున్నారు. లెక్చరర్లు తమ వంతుకు చాక్‌పీసులు చూపిద్దామా అని ఆలోచిస్తున్నారు. సారు మైకు అందుకున్నాడు. మీకు పాలించుకోవడం వస్తుందా అని మనల్ని అడుగుతున్నారు కదా, యుద్ధవిమానమే చేసి చూపించినోళ్లకు రాష్ట్రం నడపడం ఒక లెక్కా అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే చప్పట్లు కొట్టి పంపించేవారు.

"దసరా ముందునాటి సభకు మన విమానం ఈడికి వస్తది. దాని రాడారు దానంతట అదే తిరుగుతది. కృష్ణ అవుతలి మేకు ఒక్కటి గూడ అండ్ల ఉండది. లేకుంటె కురవి వీరన్న సాక్షిగ నా మీసం ఈ కుర్చీలనే తీయిస్త," అన్నాడు.

పక్కనున్న కుర్చీ ఖాళీ చేసి, అటు ఇటు తుడిచి చూపించాడట ఒక క్షురకుడు.

కురవి నా పుట్టినూరు. మానుకోట పక్కనే. మా వీరభద్రుడికి కోరమీసాలుంటాయి. కోరిక తీరినవాళ్లు వెండితో మీసాలు చేయించి ఆయనకు సమర్పిస్తారు. అందుకే మా ఊళ్లో ఎవరూ మీసంతో పరాచికాలాడరు. ఇచ్చేవాళ్లు ఆలోచించి ఇస్తారు, ఆయన మాత్రం ఆలోచించకుండా తీసుకుంటాడు.

ఇక్కడ నా సంగతి కూడా ఒకటి చెప్పాలి. సారుకు పెళ్లిచూపుల నాటికే మీసం ఉంది. నిండు మీసం, ముక్కు కింద గుమ్మానికి కట్టిన తోరణం లాంటిది. దాని కింద పెదవి ఎలా ఉంటుందో నేను ఎన్నడూ చూడలేదు. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి పెదవి ఒకటి చూడకుండా ఉండిపోయానన్న వెలితి నాకు ఉంది. కాబట్టి ఆయన ఓడిపోవాలని నేను కోరుకోలేదు గానీ, ఓడిపోతే ఏడవడానికీ సిద్ధంగా లేను.

విమానానికి కమిటీ పడింది. తెలుగు లెక్చరర్ ఎర్రయ్య కన్వీనరు. పని ఇబ్రహీం భాయికి అప్పగించారు. సిద్దిపేట రోడ్డులో ఆయనకు ఇనుప కూలర్లు చేసే షెడ్డు ఉంది. ఊళ్లో సగం ఇళ్లల్లో చల్లగాలి ఆయన పుణ్యమే. సారు గీసిన బొమ్మలో విమానం చిన్నది, ముచ్చటైనది. కింద "తేలికపాటి యుద్ధవిమానం" అని రాశాడు కూడా. ఆ కాగితం లెక్చరర్ల మధ్య ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి చరిత్ర సారు తోక మీద కాకతీయ తోరణం పెట్టాడు. సివిక్స్ సారు రెక్కల మీద పది జిల్లాల పటం, అదీ రేకుతో కోసి, కావాలన్నాడు. కామర్స్ సారు నాయకులెవరైనా వస్తే కూర్చోవడానికి వెనక బెంచీ వేయించాడు. ఎర్రయ్య సారు రెండు మైకు హారన్లు బిగించమన్నాడు. యుద్ధవిమానానికి మైకెందుకని మా సారు అడిగాడు. మైకు లేకుండా ఉద్యమమెట్లని ఎర్రయ్య సారు అడిగాడు. దేనినీ కాదనలేక అన్నింటినీ ఏకగ్రీవంగా ఆమోదించారు. జువాలజీ మేడమ్ ఒక్కతే బరువు లేని సలహా ఇచ్చింది. దసరాకు అందరూ పాలపిట్టను చూడటానికి ఊరి బయటికి పోతారు కాబట్టి, నీలం రంగు వేసి పాలపిట్ట అని పేరు పెడదామంది.

"సార్, గిది తేలిక విమానమా, పెళ్లి సామాను లారీనా, జర తేల్చి చెప్పుండ్రి," అన్నాడు ఇబ్రహీం భాయి.

ఆయన చేతిలో పనితనం ఉంది గానీ ఆ చేయి చిన్నప్పటి నుంచీ కూలర్లకే అలవాటు పడింది. పాలపిట్టను వెనక నుంచి చూస్తే కూలరు. పక్క నుంచి చూసినా, తెలిసినవాళ్లకు, కూలరే. రెండు వైపులా గాలి చీలికలు కూడా పెట్టాడు. ఉద్యమం అయిపోయాక గడ్డి బిగించుకుంటే కాలేజీకి పనికొస్తుందని ఆయన ముందుచూపు.

అసలు తంటా రాడారుతో వచ్చింది. సారు నాకు అన్నం తింటూ దాన్ని వివరించాడు. రాడారు ఒక తరంగాన్ని పంపుతుందట, అది దేనికో తగిలి తిరిగి వస్తే అక్కడ ఏదో ఉందని అర్థమట. నేను వంటింట్లోంచి సారూ అని కేకేస్తే జవాబు రాదు, దాన్ని బట్టి ఆయన హాల్లోనే ఉన్నాడని నాకు తెలుస్తుంది, ఇదీ అలాంటిదేనా అన్నాను. కాదన్నాడు. వచ్చేది మనోడా పరాయోడా అని కూడా కనిపెట్టాలట. గుర్తు అడుగుతుందట, సరైన జవాబు వస్తే మనోడు, రాకపోతే శత్రువు. చౌరస్తాలో మనోళ్లు బండ్లు ఆపి చేసేది అదే కదా అన్నాను. పెరుగు వేయమన్నాడు.

మొదటి రాడారును సిమెంటు గమేళాతో చేశారు. దాని బరువుకు విమానం ముక్కు వంగి, వచ్చినవాళ్లందరికీ దండం పెడుతున్నట్టు నిలబడింది. రెండోది చాటకు మెరుపు కాగితం అంటించి చేశారు. అది తేలిక. ఎంత తేలికంటే సాయంత్రం గాలికి లేచి రైలు పట్టాల అవతల పడింది. మొత్తం పాలపిట్టలో ఎగరగలిగింది అదొక్కటే.

ఇక సారుకు అన్నం సయించలేదు. మాటిమాటికీ మీసం నిమురుకోవడం మొదలుపెట్టాడు, ఊరికి పోయే బిడ్డను నిమిరినట్టు. నాకు ఆ పెదవి చూడాలని ఉన్న మాట నిజమే గానీ, తినని మనిషి ముందు కంచం పెట్టి కూర్చోవడం అంతకన్నా కష్టం.

"మేడ మీద డిష్ ఉంది కద. కరెంటే లేదు, ఊకెనే ఆకాశం దిక్కు చూస్కుంట కూసున్నది," అన్నాను.

సారు ముద్ద ఆగిపోయింది. "అది ఎవరిదో ఎర్కనేనా?"

"ఎర్కనే. గోడ మాత్రం మనది."

 ఒక్కొక్క కారణమే వెతికి సర్దుకున్నాడు. మన గోడ మీద ఉంది. మన ఎండకు ఎండింది, మన వానకు తడిసింది. ఇన్నేళ్లుగా ఇక్కడే నివాసం ఉంటోంది.

"ముల్కీ రూలు డిష్షుకు గూడ ఉంటదా సారూ?" అన్నాను.

"సాంకేతిక సహకారం అంటరు దీన్ని," అన్నాడు కాస్త కటువుగా. "అసలు విమానానికే ఇంజను అమెరికాది."

సుబ్బరాజు గారి భార్య సత్యవేణి అడగ్గానే ఇచ్చేసింది. కరెంటు లేని టీవీకి డిష్షెందుకండీ వదినగారూ, పండగ నాటికి ఇచ్చేయండి, మా ఆయనకి మాత్రం చెప్పకండేం అంది. ఆయనకు ఆ డిష్షంటే ప్రాణమట. జనగామ వచ్చిన కొత్తలో వారం రోజులు గోడెక్కి, బొమ్మ నిలబడేదాకా ఒక్కో వెంట్రుకవాసి తిప్పి కుదిర్చాడట. ఇబ్రహీం భాయి దానికి నీలం రంగు వేసి, కూలరు మోటారు తగిలించి, ట్రాక్టరు బ్యాటరీకి కలిపాడు. తిరిగింది. సారు ఆ రాత్రి రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు.

సభ రోజు వచ్చింది. అదే రోజు రహదారుల దిగ్బంధం. దవాఖానకు పోయే బండి తప్ప ఒక్క చక్రం కూడా తిరగడానికి వీల్లేదని పొద్దుటి నుంచీ ఎర్రయ్య సారు మైకులో చెబుతూనే ఉన్నాడు. సిద్దిపేట రోడ్డు మొదట్లో కాపలా ఆడవాళ్లకు అప్పగించారు. దుర్గమ్మ మా నాయకురాలు. రోడ్డు మధ్యలో రాళ్లు పెట్టి, పొయ్యి వెలిగించి, వంటావార్పు మొదలుపెట్టాం. నాకు కిచిడీ కలిపే పని పడింది. నడిచిపోయేవాళ్లను కూడా దుర్గమ్మ వదలలేదు. జై తెలంగాణ అన్నవాళ్లు ముందుకు, అననివాళ్లు అనేదాకా అక్కడే.

పదకొండు దాటాక షెడ్డు వైపు నుంచి ట్రాక్టరు వచ్చింది. దాని ట్రాలీలో పాలపిట్ట, ముక్కు మీద గిరగిర తిరుగుతున్న రాడారు, ముందు ఇస్త్రీ చొక్కాలో మా సారు, ఆ వెనక లెక్చరర్లు. దుర్గమ్మ గరిటె ఎత్తింది.

"ఆపుండ్రి."

"దుర్గమ్మా, గిది మన విమానం," అన్నాడు సారు.

"విమానానికి ట్రాక్టరెందుకు సారూ?"

"సభకు పోతున్నం. ఎర్రయ్య సారే తెమ్మన్నడు."

"గా ఎర్రయ్య సారే మైకుల జెప్తాండు, చక్రం తిరగొద్దని. ఇది దవాఖానకు పోతాందా?" ఆమె ట్రాక్టరు చుట్టూ ఒకసారి తిరిగి చూసి వచ్చింది. "పోతలేదు. మరి తిరగద్దు."

సారు ఎర్రయ్యకు ఫోన్ చేశాడు. ఎర్రయ్య ఫోను జేబులో మోగుతుండగానే, ఒక్క చక్రం కదిలినా అది ఉద్యమానికి ద్రోహమే అన్న మాట చౌరస్తా మైకులోంచి మాకు స్పష్టంగా వినపడింది. కామర్స్ సారు కమిటీ ఏకగ్రీవ ఆమోదం గురించి ఏదో చెప్పబోయాడు. దుర్గమ్మ ఆయనకు విస్తరి ఇచ్చి కూర్చోమంది.

శత్రువుల కోసం చేసిన విమానం సొంత కాపలా దగ్గర ఆగిపోయింది. అప్పుడు ఇబ్రహీం భాయి అన్నాడు. "చక్రం వద్దంటె భుజాలున్నయ్ కద సార్. పీర్లను మోస్తలేమా?"

దుర్గమ్మ ఒప్పుకుంది. భుజాలకు చక్రాలుండవని ఆమె తీర్పు.

కానీ ఎత్తబోతే లేవలేదు. ముందు బెంచీ దించారు. తరువాత పది జిల్లాలు దిగాయి. కాకతీయ తోరణం దించేటప్పుడు చరిత్ర సారు మొహం పక్కకు తిప్పుకున్నాడు. హారన్లు దిగాయి. ఒక మూల లేచింది. చివరికి ఇబ్రహీం భాయి ట్రాక్టరు బ్యాటరీకి కలిపిన తీగ కూడా పీకేశాడు. పాలపిట్ట పైకి లేచింది. సారు బొమ్మ కింద రాసుకున్న "తేలికపాటి" అన్న మాట నిజమైంది.

రాడారు ఆగిపోయింది.

సారు దాని వైపు చూశాడు. తరువాత చౌరస్తా వైపు చూశాడు. చేయి మీసం మీదికి పోయింది. ఈసారి నిమరలేదు, ఊరికే పట్టుకుని నిలబడ్డాడు. ఆ సంగతి అర్థమై లెక్చరర్లందరూ ఒకేసారి చెప్పుల వంక చూసుకున్నారు. నేను చేయాల్సిందల్లా కిచిడీ కలుపుతూ ఉండటమే. సాయంత్రానికి పెదవి చూడొచ్చు. కానీ ఆ మొహం చూస్తూ కలపడం నా వల్ల కాలేదు.

ట్రాలీ పక్కన ఇందాకటి నుంచీ సుబ్బరాజు గారు నిలబడి ఉన్నాడు. పొద్దున గోడ వంక చూస్తే డిష్షు లేని బోడి కర్ర కనిపించిందట. సత్యవేణి ఏమీ తెలియనట్టు పప్పు రుబ్బుతోందట. అడుగుతూ షెడ్డు దాకా వచ్చి, నీలం రంగులో ఉన్నా తన డిష్షును గుర్తుపట్టి, దాని వెనకే నడుస్తూ వచ్చాడు.  నా దగ్గరికి వచ్చి మెల్లిగా, ఆ రంగు పోతుందాండీ అన్నాడు. పోతుందన్నాను.

"లోపట కూసోని దాన్ని తిప్పేటోళ్లు ఒకలు కావాలె," అన్నాను, కిచిడీ గంజుతో చెబుతున్నట్టు. "సన్నటి మనిషి. డిష్ తిప్పుడు అలవాటున్న మనిషి. పక్కనే ఉంటె దానికి దెబ్బ తగులకుంట గూడ సూస్కోవచ్చు."

సుబ్బరాజు గారు అటూ ఇటూ చూశాడు. బక్కపలచని మనిషి, మేనేజరు అని చెబితే తప్ప తెలియదు.

"ఎవరో తెలియనోళ్లు తిప్పితే నట్టు వదులైపోద్దండీ," అన్నాడు. ఇబ్రహీం భాయి కూలరు తలుపు తెరిచాడు. ఆయన లోపలికి దూరాడు.

సారు ఇదంతా చూశాడు. మీసం మీంచి చేయి తీశాడు.

పన్నెండు మంది ఎత్తుకున్నారు. దుర్గమ్మ మళ్లీ గరిటె అడ్డం పెట్టింది. "లోపట ఎవలో ఉన్నరు. జై తెలంగాణ అనమనుండ్రి."

 పాలపిట్ట గాలి చీలికల్లోంచి ఒక సన్నటి గొంతు వచ్చింది.

"జై తెలంగాణా అండీ."

దుర్గమ్మ నా వంక చూసింది. నేను గంజు వంక చూశాను. కిచిడీ అడుగంటుతోంది.

"మర్యాదస్తుడే ఉన్నడు," అంది దుర్గమ్మ, గరిటె దించుతూ. "పోనియ్యుండ్రి."

శిబిరం ముందుకు పాలపిట్ట భుజాల మీద వస్తుంటే జనం లేచి నిలబడ్డారు. పిల్లలు పాలపిట్ట, పాలపిట్ట అని దండాలు పెట్టారు. రాడారు తిరిగింది. మోటారు కన్నా నిదానంగా, మోటారు కన్నా శ్రద్ధగా తిరిగింది. మధ్యమధ్యలో చేయి నొప్పికి సుబ్బరాజు గారు ఆపినప్పుడల్లా ఎర్రయ్య సారు మైకులో, "ఇగో, మన రాడారు ఏదో కనిపెట్టింది" అనేవాడు. జనమంతా అది చూస్తున్న దిక్కుకు తలలు తిప్పేవారు. ఒకసారి విజయవాడ వైపు ఆగింది. చప్పట్లు ఎంతకూ ఆగలేదు. మా సారును భుజాలకెత్తుకున్నారు. క్షురకుల సంఘం వాళ్లు ఆయనకు పూలదండ వేశారు, కొంచెం నిరాశగానే అయినా.

మరునాడు దసరా. పొద్దున్నే కురవి నుంచి మా అమ్మ ఫోన్ చేసింది. అల్లుడు గెలిచాడట కదా, వీరన్నకు కొబ్బరికాయ కొడతానంది. నేను ఫోను సారుకిచ్చాను.

"తిరిగిందత్తమ్మా," అన్నాడు సారు గర్వంగా.

"దానంతట అదేనా బిడ్డా?" అంది అమ్మ.

ఆమె మామూలుగానే అడిగింది. సరిగ్గా అప్పుడే మేడ మీద గోడెక్కి డిష్షు సరిచేస్తున్న సుబ్బరాజు గారు, "ఇప్పుడొచ్చిందా?" అని అరిచాడు. "రాలేదండీ, ఇంకొంచెం తిప్పండి," అని సత్యవేణి లోపలి నుంచి అరిచింది. పండగ పూట కరెంటు ఇచ్చారు.

సారు జనగామకు అబద్ధం చెప్పాడు, ఎర్రయ్య చేత చెప్పించుకున్నాడు. కురవికి చెప్పలేకపోయాడు. ఫోను నా చేతికిచ్చి, చొక్కా వేసుకుని బయటికి వెళ్లాడు.

గంట తరువాత తిరిగి వచ్చాడు. వెనకే ఎర్రయ్య సారు, సగం స్టాఫు రూము. రాష్ట్రం వచ్చేదాకా మీసం పెంచనని కొండల్ సారు ప్రతిజ్ఞ చేశాడని, ఇంత త్యాగం జిల్లాలో ఎవరూ చేయలేదని ఎర్రయ్య సారు గుమ్మంలోనే ప్రకటించాడు. కామర్స్ సారు కూడా తీయించుకున్నాడు. సివిక్స్ సారు ఆలోచిస్తున్నాడట. నిన్న ఓడిపోతే పోవాల్సిన మీసం, ఇవాళ గెలిచి పోయింది.  మెట్ల దగ్గర సుబ్బరాజు గారు ఎదురై, మా సారు మొహం చూసి, చేతులు రెండూ పట్టుకుని, వదిలేశాడు. పేపరు సగం చింపి ఇచ్చాడు.

వాళ్లంతా వెళ్లాక నేను టీ ఇవ్వడానికి దగ్గరికి వెళ్లి, ఎన్నేళ్ల నుంచో చూడాలనుకున్న ఆ పెదవి చూశాను. కప్పు ఆయన చేతికిచ్చి మళ్లీ చూశాను.

సన్నటి పెదవి. కుడివైపు కిందికి కొంచెం వంగింది, ఎదుటివాళ్లు చేసిన కూరలో ఉప్పు తక్కువైందని చెప్పబోతున్నట్టు. ఆ వంపు నాకు బాగా తెలుసు. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి చనిపోయేదాకా, మా అత్త ఆ పెదవితోనే నా వంట తిన్నది. ఇప్పుడు ఆమె ఇస్త్రీ చొక్కా వేసుకుని నా ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది.

"చక్కెర తక్కువైంది," అన్నాడు సారు.

ఉద్యమంలో నేను అప్పటిదాకా కిచిడీ కలపడానికి మాత్రమే వెళ్లేదాన్ని. ఆ మరునాటి నుంచి ఒక్క ధర్నా మానలేదు. రైలు పట్టాల మీద కూర్చున్నాను, దుర్గమ్మతో పాటు అరెస్టయ్యాను, బతుకమ్మలెత్తుకుని కలెక్టరాఫీసు దాకా నడిచాను. నా పట్టుదల చూసి ఎర్రయ్య సారు నా పేరు మహిళా విభాగానికి సిఫారసు చేశాడు. ఇంత తెగువ ఎక్కడిదమ్మా అని సభలో అడిగాడు. ఇంట్లో పరిస్థితులన్నాను.

రాష్ట్రం వచ్చింది. యుద్ధవిమానం తుది అనుమతి కోసం అప్పటికి ఇంకా ఎదురుచూస్తూనే ఉందని పేపర్లో చదివాను. సారు మీసం మళ్లీ పెదవి మీదికి నిండుగా దిగాక, వెండి కోరమీసాలు చేయించుకుని కురవి పోయాం. పూజారి పళ్లెం సారు వైపు చాపాడు. నేను చేయి అడ్డం పెట్టి, మొక్కు ఆయనది కాదు, నాదేనన్నాను.